అంకెయు నక్షరమును

సంఖ్య తెలిసినవానికి మాట రాదు. మాట నేర్చినవానికి సంఖ్య రాదు. మన కళాశాలలు చిరకాలముగా ఈ రెండు తెగల పట్టభద్రులనే తయారుచేయుచున్నవి. ఇది పండితుల ప్రొద్దుపోక చర్చ కాదు. దీనివలన నిరపరాధులు చెఱసాల పాలైన యుదంతములు కలవు.

1999 వ సంవత్సరమున ఇంగ్లండునందొక తల్లి, తన యిద్దరు పసిబిడ్డలను చంపినదన్న నేరముపై విచారింపబడెను. అట్టి కుటుంబమున నొక శిశువు నిద్రలో హఠాత్తుగా మరణించుట 8,543 లో నొకసారియనియు, ఇరువురట్లు మరణించుట 7 కోట్ల 30 లక్షలలో నొకసారియనియు పేరుపొందిన వైద్యుడొకడు సాక్ష్యమిచ్చెను. మొదటి సంఖ్యను దానిచేతనే గుణించుట తప్ప ఇందు వేరు లెక్క లేదు. కాని యొకే తల్లిదండ్రుల బిడ్డలకు దేహధర్మమొకటి, ఇంటి వాతావరణమొకటి. ఒక మరణమునకు రెండవదానితో సంబంధము లేదని తలచి గుణించుట యెట్లు చెల్లును? మఱియు, ఒక తల్లి తన బిడ్డల నిరువురను చంపుటయు నరుదే కదా! ఆ రెండు అరుదులను త్రాసున నుంచి తూచిన వారేరి? ఆమెకు యావజ్జీవశిక్ష పడెను. 2001 లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ గణనకు ఆధారము లేదని ప్రకటించెను. జూరీకి తెలియక మఱుగుపడిన వైద్యపరీక్షా ఫలితములును బయటపడగా, 2003 లో శిక్ష రద్దయ్యెను. 2007 లో ఆమె కన్నుమూసెను.

ఆ న్యాయస్థానమున విద్యావిహీను డెవడు? వైద్యుడు శాస్త్రజ్ఞుడే, న్యాయవాదులు వాగ్మివరులే. అయినను ఆ సంఖ్యలోని లోపమును జూరీవారి హృదయమున నాటునట్లు విడమరచి చెప్పగలవారు కరవైరి. మాబోటి వకీళ్లకిది తలవంపు.

విద్యలు కలిసినచో ఫలమెట్లుండునో దానికిని దృష్టాంతము కలదు. క్రిమియా యుద్ధమున శత్రువుల గుండ్లకంటె నివారింపదగిన వ్యాధులే సైనికులను హెచ్చుగా బలిగొన్నవని ఫ్లారెన్స్ నైటింగేల్ 1858 లో రంగుల చక్రపటముగా చిత్రించి పాలకులకు చూపెను. అందు లెక్కయు, చిత్రకళయు, బోధనైపుణ్యమును ఒక్కటియైనవి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 లో వెలువరించిన ప్రణాళిక ప్రకారము, మూడేండ్ల పట్టమునకు కావలసిన 120 క్రెడిట్లలో 9 అన్యశాస్త్రములకు కేటాయింపబడినవి. ఉద్దేశము మంచిదే. కాని చరిత్ర విద్యార్థిచే కొంత గణితమును వల్లెవేయించినంతమాత్రమున విద్యలు కలియవు; ఒక విస్తరిలో వడ్డించినంతనే కూరలొక్కటియగునా? ఇందువలన ప్రధానశాస్త్రమున లోతు తగ్గునని కొందఱందురు. తన శాస్త్రమును పరులకు తెలియజెప్పలేనివాడు దాని లోతు ముట్టెనని యెట్లు నమ్ముదుము?

కావున గణితోపాధ్యాయుడును, భాషోపాధ్యాయుడును ఒకే తరగతియందు నిలిచి ఒకే పాఠము చెప్పవలయును. విద్యార్థి తన యూరి మంచినీటినో, వర్షపాతమునో స్వయముగా కొలిచి, పటము గీసి, పఠనమందిరమున తెలుగున వివరింపవలయును. అదియే పరీక్ష కావలయును. ఇది మనకు క్రొత్త కాదు. 11 వ శతాబ్దముననే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనుగు పద్యముల కెక్కించెను. ఆనాడు గణితమునకు కవిత్వ మంటు కాలేదు, నేడేల కావలయును?