పన్నెండు రంగులు చాలు!

సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ పాత ముఖద్వారం ఇప్పుడు లేదు. కొత్త భవనం కోసం 2025లో దాన్ని కూల్చేశారు. 1874 నుంచీ రైళ్లు వచ్చిపోతున్న చోటది. ఆ ఆర్చీల ఫొటోలు ఎన్నో ఉన్నాయి. కానీ ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి ఓ ఆదివారం పొద్దున ఎవరైనా నీటిరంగుల్లో వేసుకున్న బొమ్మ ఉంటే దాని విలువే వేరు. చిక్కల్లా ఒక్కటే. ఆ బొమ్మకు వాడిన రంగులేమిటి? చవకరకం గులాబీ, ఊదా రంగులైతే, గోడకు తగిలించిన కొన్నాళ్లకే వెలిసిపోతాయి. భవనమూ పోయి, బొమ్మా పోయి... మిగిలేది ఫ్రేమే!

రంగుల పెట్టె కొనేటప్పుడు చాలామంది ఈ సంగతి ఆలోచించరు. వాళ్లు చూసేది లెక్క. పన్నెండు రంగులా, ఇరవై నాలుగా, నలభై ఎనిమిదా? ఎక్కువ ఉంటే ఎక్కువ లాభమన్నట్టు పెద్ద పెట్టె కొంటారు. అది సంచిలో పట్టదు, ఒళ్లో నిలవదు. రెండు ఆదివారాలు తిరిగాక బీరువా ఎక్కుతుంది. రిటైరయ్యాక మళ్లీ కుంచె పట్టుకుందామనుకున్న పెద్దాయనకైనా, ఇంటిపని ముగించుకుని ఓ గంట బొమ్మ వేసుకుందామనుకున్న ఇల్లాలికైనా ఇదే అనుభవం. పెట్టె బీరువా ఎక్కడమంటే సరదా కూడా దాంతోపాటే ఎక్కేసినట్టు.

నిజానికి ఈ పెట్టె పుట్టిందే తిరగడం కోసం. ఒకప్పుడు చిత్రకారులు రంగు పొడిని ఎప్పటికప్పుడు బంకతో నూరుకునేవారు. లండన్‌కు చెందిన రీవ్స్ సోదరులు దాన్ని బిళ్లగా పోతపోశారు. అందుకు 1781లో అక్కడి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారికి వెండి పాలెట్ బహూకరించింది. 1832లో మొదలైన విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ మూడేళ్లకు బిళ్లలో గ్లిజరిన్ కలిపింది. దాంతో అరగదీసే పని తప్పింది. తడి కుంచె తాకిస్తే చాలు, రంగు వస్తుంది. ఆ రోజుల్లో బొమ్మలు గీయడం సైనికాధికారుల చదువులో భాగం. కెమెరా లేని కాలం కదా, కొండలూ కోటలూ చేత్తోనే గీసుకోవాలి. 1806లో సికిందర్ జా పేరుతో సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడింది సరిగ్గా ఆ తరంలోనే.

ఇంతకీ బిళ్లలో ఏముంటుంది? రంగుపొడి, తుమ్మజాతి చెట్ల బంక, కాస్త గ్లిజరిన్ లేదా తేనె. అంతే. తేడా అంతా రంగుపొడి పాళ్లలో ఉంది. పిల్లల పెట్టెల్లో పొడి తక్కువ, సుద్దలాంటి నింపుడు సరుకు ఎక్కువ. అందుకే ఎంత రుద్దినా కాగితం మీద పాలిపోయినట్టే కనిపిస్తుంది. పిల్లలకు అది చాలు. పెద్దవాళ్లు దాంతోనే మొదలుపెట్టి, బొమ్మ రాకపోతే ‘నా చేతిలో కళ లేదు’ అనుకోవడమే అన్యాయం. తప్పు చేతిది కాదు, బిళ్లది.

కాబట్టి ‘స్టూడెంట్’ రకంలో మంచివో, వీలైతే ‘ఆర్టిస్ట్’ రకమో తీసుకోవాలి. 1931లో బొంబాయిలో సిరా తయారీతో మొదలై, ఇప్పుడు జపాన్ కంపెనీ కొకుయో చేతిలో ఉన్న కామ్లిన్ రెండు రకాలూ అమ్ముతోంది. బయటి దేశాలవాటిలో విన్సర్ అండ్ న్యూటన్ వారి కాట్‌మన్ పాకెట్ బాక్సు, జపాన్ సకురా వారి ‘కోయ్’ పెట్టె పేరున్నవి. రెండూ జేబులో పట్టేంతే ఉంటాయి. కోయ్ పెట్టెతో వాటర్ బ్రష్ వస్తుంది. పిడిలోనే నీళ్లు నింపుకోవచ్చు, గ్లాసు పట్టుకు తిరగక్కర్లేదు.

దుకాణంలో పెట్టెను బల్లమీద పెట్టి చూసి కొనేయకండి. ఎడమ అరచేతిలో పెట్టుకుని మూత తెరిచి చూడండి. మోండా మార్కెట్‌లో కూరగాయల గంపల మధ్య నిలబడి గీసేవాళ్లకు బల్ల ఎక్కడిది? మూత ఊగకూడదు. కింద వేలికి ఉంగరంలాంటి రింగుంటే మరీ మంచిది. మూత లోపల తెల్లగా ఉండాలి, గుంటలు కాస్త వెడల్పుగా ఉండాలి. రంగులు కలిపేది అక్కడే కదా. ఇరవై నాలుగు బిళ్లలుండి కలుపుకోవడానికి జాగా లేని పెట్టె కంటే, పన్నెండుండి విశాలమైన మూత ఉన్నది ఎన్నో రెట్లు నయం. బిళ్లలు విడివిడిగా ఊడొచ్చేలా ఉన్నాయో లేదో కూడా చూడాలి. నీలం ముందు అయిపోతుంది. దాని కోసం మొత్తం పెట్టె మళ్లీ కొనాలా?

మరి పన్నెండుతో సరిపోతుందా? భేషుగ్గా. నీలిమందును గుర్తుచేసే అల్ట్రామెరైన్ నీలం, ఇటుకరంగు బర్న్ట్ సియెన్నా... ఈ రెండూ కలిపి చూడండి. పాళ్లు మార్చేకొద్దీ వెచ్చటి బూడిదరంగు, చల్లటి బూడిదరంగు, దాదాపు నలుపు కూడా వస్తాయి. మౌలాలి బండరాళ్లకు ఇంకేం కావాలి? అదే నీలంలో పసుపు కలిపి, చిటికెడు సియెన్నా తగిలిస్తే వేపచెట్టు. పెట్టెలోని ఆకుపచ్చను నేరుగా పూస్తే మాత్రం చెట్టు ప్లాస్టిక్‌దిలా ఉంటుంది! తెలుపు బిళ్ల అవసరం చాలా తక్కువ. సెయింట్ మేరీస్ చర్చి తెల్లగోడ వేయాలంటే అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలేయడమే. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే.

ఇక అసలు విషయం... రంగు నిలవడం. మంచి కంపెనీలు బిళ్లమీదో, రంగుల పట్టికలోనో ఎండకు ఎంత తట్టుకుంటుందో గుర్తులేస్తాయి. పక్కనే రంగుపొడి సంకేతం ఉంటుంది. ‘పీబీ 29’ అంటే అల్ట్రామెరైన్, చక్కగా నిలుస్తుంది. ‘పీఆర్ 83’ అంటే అసలు అలిజరిన్ క్రిమ్సన్, అందమైనదే కానీ వెలిసిపోయే రకం. మెరిసిపోయే ఒపెరా గులాబీ కూడా అంతే. పేరు చూసి మోసపోకుండా సంకేతం చూడాలి. ఏ గుర్తూ లేని పెట్టె అయితే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక కాగితం మీద అన్ని రంగులూ పట్టీలుగా పూసి, సగానికి నల్లకాగితం కప్పి, ఎండ తగిలే కిటికీకి రెండు మూడు నెలలు అతికించి ఉంచండి. కప్పు తీశాక రెండు సగాల్లో తేడా కనిపిస్తే ఆ రంగును పక్కనపెట్టేయొచ్చు. మన ఎండలు ఇలాగైనా పనికొస్తాయి!

ఇరవై ఎనిమిదో ఏట, 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు నీటిరంగుల చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. ఇంట్లో బొమ్మ నూరేళ్లుండాలని ఎవరూ అనుకోరు. మనవరాలు పెద్దయ్యేదాకా ఉంటే చాలనుకుంటారు. అందుకైనా సరుకు మంచిదై ఉండాలి.

డబ్బు ఎక్కువ పెట్టలేమనుకుంటే ఓ దారుంది. ఇంట్లో పిల్లల పాత జామెట్రీ బాక్సు ఉంటుంది కదా. మూత లోపల తెల్ల ఎనామిల్ పెయింటు వేయండి. ఖాళీ హాఫ్ పాన్‌లు విడిగా దొరుకుతాయి. ఒక్కోదాంట్లో సుమారు రెండు మిల్లీలీటర్ల రంగు పడుతుంది కాబట్టి, అయిదు మిల్లీలీటర్ల ట్యూబుతో రెండు నింపొచ్చు. ఒకేసారి పోయకుండా రెండు మూడు పొరలుగా, నీడన ఆరబెడుతూ నింపాలి. కొన్నిరకాల ట్యూబు రంగులు ఎండాక పెచ్చులూడతాయి. నింపేటప్పుడే ఓ చుక్క గ్లిజరిన్ కలిపితే ఆ బాధ తగ్గుతుంది. ఎనిమిది మంచి ట్యూబులతో మొదలుపెట్టినా ఆ పెట్టెతో ఏళ్లు గడిచిపోతాయి.

అలా మిగిలిన డబ్బు కాగితానికి పెట్టాలి. మామూలు నోటుపుస్తకం కాగితం తడవగానే అప్పడంలా ముడుచుకుపోతుంది. 300 జీఎస్ఎం అయితే మేలు, కనీసం 200 ఉండాలి. చిన్న సైజు పుస్తకమే తీసుకోండి. అరగంటలో పేజీ నిండుతుంది.

మే నెలలో పొద్దున ఏడున్నర దాటితే కుంచె కాగితం ఆ చివరికి వెళ్లేలోపే ఈ చివర ఆరిపోతుంది. ముందుగా కాగితాన్ని తడిపి, పెద్ద కుంచెతో త్వరగా పూయాలి. తేనె కలిపిన బిళ్లలు ఎండకు మెత్తబడి జిగురుగా అవుతాయి. పెట్టెను కారులో వదిలేయకండి. వానాకాలంలో కష్టం వేరు. తడి బిళ్లలమీద మూత బిగిస్తే వారంలో బూజు పడుతుంది. ఇంటికి రాగానే మూత తెరిచి, ఫ్యాను కింద రాత్రంతా వదిలేయండి. బూజు అప్పటికే కనిపిస్తే పైపొరను తడిగుడ్డతో తుడిచి, మళ్లీ బాగా ఆరనివ్వాలి.