టీ షర్టు మీద బొమ్మ: అద్దకమా, అతుకా?

మీ బడి పండుగకు టీ షర్టులపై బొమ్మ వేయించాలనుకున్నారా? రంగుల లేజర్ ప్రింటరుతో ప్రత్యేకమైన కాగితంపై బొమ్మను కుడియెడమలు తారుమారుగా ముద్రించి, బట్టపై బోర్లించి వేడిగా ఒత్తితే చాలు, బొమ్మ దిగిపోతుంది. కాని దీన్ని అద్దకం అనరాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

1938లో రెండు సంగతులు జరిగాయి. గోనెగండ్లకు దగ్గరలోని ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. న్యూయార్కులో చెస్టర్ కార్ల్‌సన్ తడి సిరా లేకుండా, విద్యుదావేశంతో పొడిని పట్టించి అక్షరాలకు నకలు తీశాడు. లేజర్ ప్రింటరుకు మూలం అదే.

ఈ ప్రింటరులోని టోనరు సిరా కాదు. రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. అది వేడికి మెత్తబడి, కాగితంమీది జిగురుపొరతోపాటు బట్టకు అతుక్కుంటుంది. టీ షర్టు అల్లిక బట్ట, లాగితే సాగుతుంది. ఆ పొర అంతగా సాగదు. అందుకే ఉతికేకొద్దీ పగుళ్లు తేలుతుంది.

కలంకారీ సంగతి వేరు. ఎరుపు రంగుకు పటిక వాడతారు. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలుపోగును, మరో చేత్తో రంగును పట్టుకున్నట్టు రెంటినీ కలుపుతుంది.

అలాగని కొత్త పద్ధతిని తోసిపుచ్చమనను. ఒకరోజు వేడుకకు, నాలుగైదు చొక్కాలకు అది సులువైన దారి. ఏళ్లతరబడి తొడుక్కునే బట్టకు అద్దకమే మేలు. ముందుగా ఒక పాత గుడ్డముక్కపై బొమ్మ వేయించండి. పదిసార్లు ఉతికి, భూతద్దంతో చూడండి.

అమ్మానాన్నల కష్టార్జితంతో కొనే చొక్కా అది. బొమ్మ బాగుందని మురిసిపోయే ముందు, రంగు ఎక్కడ నిలిచిందో అడగండి!