సంతకమే శాసనం

పూర్వం రాజులు తామిచ్చిన దానాన్ని రాగిరేకులపై చెక్కించేవారు. తరువాతి తరాలవారు దానిని కాదనకుండా ఉండాలన్నదే వారి ముందుచూపు. పలువురు కలసి రూపొందించే సాంకేతిక ప్రమాణాలకూ ఈ నీతి వర్తిస్తుంది. తాను అందించిన ఆలోచనను అందరూ స్వేచ్ఛగా వాడుకోవచ్చునని ప్రతి ఒక్కరూ ముందుగానే సంతకం చేయాలి. 1993లో సెర్న్ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్‌ను లిఖితపూర్వకంగానే లోకానికి ధారపోసింది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, వాటి రూపకల్పనలో పాల్గొనేవారు తమ పేటెంట్లకు రుసుము కోరరాదన్న విధానాన్ని 2004లో చేపట్టింది. అందరూ కలసి తవ్విన బావికి పిదప ఒక్కరు సుంకం అడిగితే ఊరి గతి ఏమిటి? అయితే ఒప్పందం పేరిట కర్త హక్కును లాగుకోవడం అన్యాయం. అనుమతి పుచ్చుకోవాలి, యాజమాన్యం కర్తకే విడిచిపెట్టాలి. అటువంటి పత్రంపై సంతకం అడిగితే నొచ్చుకోనక్కరలేదు. మన మాటకు అదే సాక్షి.