తల పట్టేవాళ్ళకీ ఓ తల ఉంటుంది

మా ఇంట్లో తలనొప్పికి రెండు రకాల మర్యాదలున్నాయి. మావారికి తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదీ పిల్లుల్లా అడుగులేస్తారు. టీవీ నోరు మూసుకుంటుంది. "ఏమేవ్, కాస్త తల పట్టు" అంటూ ఆయన మంచం మీద వాలితే అరగంటసేపు నా బొటనవేళ్ళు ఆయన కణతల మీదా, మెడ మీదా పనిచేస్తాయి. అదే తలనొప్పి నాకు వచ్చిందనుకోండి. "పొద్దున్న కాఫీ సరిగ్గా తాగలేదేమో చూసుకో" అంటారు. అంతే!

నాకు వచ్చేది కాఫీతో పోయేది కాదండీ. పార్శ్వపు నొప్పి. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. సగం తలలో ఎవరో రోకలి పెట్టి దంచుతున్నట్టుంటుంది. వెలుతురు గిట్టదు, చప్పుడు గిట్టదు, పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది. మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా వదలదు. ఈ జబ్బు మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో సుమారు మూడు రెట్లు ఎక్కువట. మరి ఇళ్ళల్లో తల పట్టించుకునేవాళ్ళ లెక్క తీస్తే? అది తలకిందులుగా ఉంటుందని నా అనుమానం.

మర్దనతో తలనొప్పి తగ్గడం వట్టి అమ్మమ్మల మాటేం కాదు. మెడ, భుజాల కండరాలు బిగుసుకుని తలచుట్టూ పట్టీ కట్టినట్టు వచ్చే నొప్పి ఉంది చూశారూ, దానికి మంచి చెయ్యి పడితే ఎంత హాయో పడ్డవాళ్ళకే తెలుసు. మైగ్రేన్ విషయంలోనూ, 2006లో అచ్చయిన ఓ న్యూజిలాండు పరిశోధనలో వారం వారం మర్దన చేయించుకున్నవాళ్ళకి నొప్పి వచ్చే సార్లు తగ్గాయి, నిద్ర బాగుపడింది. పాల్గొన్నది యాభైమంది కూడా లేరు. జబ్బు నయమైపోయిందని వాళ్ళూ అనలేదు, నేనూ అనను.

అలాగని ఎప్పుడుపడితే అప్పుడు నూనె సీసాతో మీద పడకూడదు. నొప్పి ముదిరాక కొందరికి జుట్టు దువ్వుకున్నా భరించలేనట్టుంటుంది. ఆ వేళ చీకటి గది, డాక్టరిచ్చిన మాత్ర, నిద్ర. మర్దన నొప్పి లేని రోజుల్లో. మంగలి షాపులో మెడ పట్టుకుని టక్కున విరిచే విద్య మాత్రం అసలొద్దు. అరుదుగానైనా మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం చిరిగే ప్రమాదముంది. పోనీ మాత్రలే మింగుదామా అంటే, మామూలు నొప్పి మాత్రలైనా నెలలో పదిహేను రోజులు, అలా నెలల తరబడి వేసుకుంటే అవే తలనొప్పి తెచ్చిపెడతాయి. ఇక పిడుగు పడ్డట్టు ఉన్నట్టుండి వచ్చే నొప్పికీ, జ్వరంతో మెడ బిగుసుకునే నొప్పికీ, మాట తడబడే నొప్పికీ మర్దన కాదు, ఆస్పత్రి.

అయినా నా తగువు వైద్యంతో కాదు. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఇంగ్లండు వెళ్ళి, బ్రైటన్‌లో స్నానశాల పెట్టి దొరలకి షాంపూ చేశాడు. షాంపూ అంటే అప్పట్లో ఒళ్ళు పట్టడమే. మన తలమర్దన "చంపీ"కి ఆ మాట దగ్గరి చుట్టం. ఇంగ్లండు రాజు నాలుగో జార్జి ఆయనకి "షాంపూయింగ్ సర్జన్" అని కొలువిచ్చాడు. చూశారా? రాజుగారికి పడితే సర్జన్. పార్లర్లో పడితే బిల్లు. ఇంట్లో ఆడది పడితే మాత్రం అది కాపురం! దానికి పేరూ లేదు, జీతమూ లేదు, బదులు పట్టేవాడూ లేడు.

మొన్నామధ్య ఈ మాటే మావారితో అన్నాను. "నాకు తల పట్టడం రాదే" అన్నారు అమాయకంగా.

"పేకముక్కలు కలిపే వేళ్ళేగా, వస్తుందిలెండి" అన్నాను.

మొదటి ఆదివారం చపాతీ పిండి పిసికినట్టు పిసికారు. రెండో ఆదివారం కణతలెక్కడుంటాయో కనుక్కున్నారు. మూడో ఆదివారం పట్టడం ఆపి, "మెడ ఇంత రాయిలా ఉందేమిటే? ఎన్నాళ్ళనుంచీ?" అని అడిగారు.

ముప్ఫయ్యేళ్ళనుంచీ అని చెప్పాను.

మైగ్రేన్ పోయిందా అంటే పోలేదండీ. మళ్ళీ వచ్చింది. కాకపోతే ఈసారి కాఫీ మాటెత్తకుండా ఆయనే వెళ్ళి కిటికీ తలుపులు వేసి, టీవీ కట్టేశారు.