తెలుగు పేజీ చూపి ఇంగ్లీషు చెప్పాలి

ఎంకపల్లి: సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. మొయినాబాద్ మండలం పల్లెల పిల్లలకు విశేషణం, క్రియావిశేషణం నిర్వచనాలు బట్టీ పట్టించినంత మాత్రాన వాక్యం రాదు. చిక్కంతా మాటల పొత్తులో వున్నది. 'చాయ్ చాలా వేడిగా వుంది' అంటే 'వెరీ'. తాగలేనంత వేడి అయితే 'టూ'. మనకు రెంటికీ 'చాలా' ఒక్కటే చాలు! 'లెక్కల్లో గట్టి' అనే అలవాటున 'గుడ్ ఇన్' అని రాస్తారు. 'గుడ్ ఎట్' కావాలి. పైగా మన విభక్తి పేరుకు వెనుక, వారిది ముందు. 'ఎరుపూ నలుపూ' అని మనం రెండుసార్లు సాగదీసేది అక్కడ నడుమ ఒక్క 'అండ్'తో తీరుతుంది. ద్విభాషా పుస్తకాల్లో తెలుగు పేజీ ఎదురుగానే వచ్చింది. దాన్ని మూసిపెట్టించక, రెండు వాక్యాలూ బల్లమీద పక్కపక్కన రాసి పోల్చి చూపే పనికి ఉపాధ్యాయులు రోజూ కొంత సమయం కేటాయించవలసి వున్నది.