చోడి అంబలి, పేగు బాక్టీరియా, మన కబుర్లు

"ఏజెన్సీ వాళ్ళకి కాన్సర్ రాదండీ. చోడి అంబలి తాగుతారు కదా, పేగులో మంచి బాక్టీరియా ఉంటుంది" - ఈ మాట ఈమధ్య నాతో కనీసం నలుగురన్నారు. నలుగురూ చదువుకున్నవాళ్ళే, అరకు వెళ్ళి బొంగు చికెన్ తిని వచ్చినవాళ్ళే :) వినడానికి పొగడ్తలా ఉంటుంది గానీ, నా దృష్టిలో ఇది పాడేరు వాళ్ళకి చేసే అపకారం.

ముందు సైన్సు సంగతి చూద్దాం. మన టీ కణాలకి పీడీ-1 అని ఓ బ్రేకు ఉంటుంది. చాలా కాన్సర్ కణాలు ఆ బ్రేకు తొక్కి తప్పించుకుంటాయి. బ్రేకు వదిలించే మందులున్నాయి, కానీ అందరికీ పనిచెయ్యవు. ఎందుకని వెతికితే 2015లో ఎలుకల్లో, 2018లో రోగుల్లో పేగు బాక్టీరియాతో సంబంధం కనబడింది. మందు మొదలెట్టే రోజుల్లో యాంటీబయోటిక్స్ వాడినవాళ్ళకి ఫలితం తక్కువగా ఉంది. 2021లో అమెరికాలో, మందు పనిచెయ్యని 15 మంది మెలనోమా రోగులకి, పనిచేసినవాళ్ళ మలంలోని బాక్టీరియా ఎక్కించి మళ్ళీ మందిస్తే ఆరుగురికి మేలు జరిగింది.

ఇందులో ఎక్కడైనా "కాన్సర్ రాదు" అని ఉందా? ఇదంతా మందు తీసుకున్నవాళ్ళ లెక్క. 2015లోనే తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల్లో 15 గిరిజన తెగల పేగు బాక్టీరియాని పరిశీలించారు, ప్రివోటెల్లా ఎక్కువని తేలింది. బాగుంది. కానీ పేగులో ఏముందో చెప్పే జాబితా, కాన్సర్ రాదని ఇచ్చే సర్టిఫికెట్ ఎలా అవుతుంది?

అంబలి తాగే ఉత్తరాంధ్ర పల్లెల్లోనే ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. అది అంగిట్లో కాన్సర్ తెస్తుందని దశాబ్దాల కిందటే తేలింది. "మీకు రాదు" అని మనం దీవిస్తే, అంగిట్లో తెల్లమచ్చ చూసిన మనిషి ఆస్పత్రికెందుకు వెళ్తుంది?

మందు ఖరీదంటారా? 2022లో ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు, ముదిరిన తల, మెడ కాన్సర్లలో మాత్రలతో పాటు నివోలుమాబ్ మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. మామూలు డోసు రెండు వారాలకి 240. ఏడాది బతికినవాళ్ళు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. ఆ టాటా సంస్థదే కాన్సర్ ఆస్పత్రి విశాఖలో, అగనంపూడి దగ్గరుంది. రోగిని డోలీలో మోసుకొచ్చే కొండ ఊళ్ళకి అది చాలా దూరం.

కాబట్టి అడగాల్సినవి ఇవీ: ఊళ్ళోకొచ్చే ఆరోగ్య కార్యకర్త టార్చి వేసి నోరు చూడాలి. అనుమానముంటే విశాఖ వెళ్ళిరావడానికి బండి, తోడు మనిషి, కూలి డబ్బులు ఉండాలి. చీటీ లేకుండా యాంటీబయోటిక్స్ అమ్మడం ఆగాలి. ఇవి జరిగాక ఆ మంచి బాక్టీరియా ఏమాత్రం సాయపడుతుందో తీరిగ్గా పరిశోధించుకోవచ్చు. మందే అందని మనిషి పేగుని మెచ్చుకోవడం నాకైతే వెటకారంలాగే అనిపిస్తుంది. మీరేమంటారు?