ఒకే బ్రౌజర్‌లో ఇద్దరి సీట్లు

ఇంటర్ అయిపోయిన ఏడాది. కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి నేనూ మా నాయనా పాకాల నుంచి బస్సెక్కి తిరుపతి వచ్చినాం. బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్. లోపల పది మంది పిల్లోళ్లు, పది మంది నాయనలు, రెండే సిస్టమ్‌లు. టైమ్ కలిసొస్తుందని నెట్ సెంటరన్న నాది ఒక ట్యాబ్‌లో, పక్కన కూర్చున్న పుత్తూరు అబ్బాయిది ఇంకో ట్యాబ్‌లో తెరిచినాడు. నా లిస్ట్ అంతా ఎక్కించి సేవ్ కొట్టి, "అయిపోయింది, పోండి" అన్నాడు.

"ప్రింటు ఒకటి తీయప్పా" అన్నాడు మా నాయన. ఏ పనికైనా కాగితం చేతికొచ్చేదాకా ఆయన కదలడు. ప్రింటు తీస్తే కాలేజీల వరుస నాది, పైన హాల్‌టికెట్ నంబరు ఆ అబ్బాయిది!

గడువు ఇంకా ఉంది కాబట్టి ఆ రోజు సరిచేసుకున్నాం. అందరూ అన్న మీద అరిచినారు. ఇక్కడికొచ్చి వెబ్ టెక్నాలజీస్ చదివినాక నాకు అర్థమైంది, తప్పంతా ఆయనది కాదని.

సర్వర్‌కు మన ముఖం తెలియదు. హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు, ప్రతి రిక్వెస్టూ దానికి కొత్తదే. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటుల్లీ కుకీని తయారుచేసినాడు. కొండ మీద దర్శనానికి పోయేముందు కౌంటర్‌లో ఫోన్ ఇచ్చి టోకెన్ తీసుకుంటాం కదా, అట్లాంటిదే ఇది. లాగిన్ అయితే సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. తర్వాత ప్రతి పేజీకీ బ్రౌజర్ ఆ టోకెనే చూపిస్తుంది.

చిక్కేమంటే, ట్యాబ్‌లు ఎన్ని తెరిచినా టోకెన్లు పెట్టుకునే జేబు ఒకటే. పుత్తూరు అబ్బాయి లాగిన్ కాగానే నా టోకెన్ ఉన్న చోట వాడి టోకెన్ కూర్చుంది. స్క్రీన్ మీద కనబడేది నా పేజీయే. సేవ్ కొట్టినప్పుడు పోయింది మాత్రం వాడి పేరు మీద.

"ఇన్‌కాగ్నిటో వాడుంటే సరిపోయేది కదా" అంటారు మనోళ్లు. మామూలు విండో ఒకటి, ఇన్‌కాగ్నిటో ఒకటి అంటే ఇద్దరికి సరిపోతుంది. మూడోవాడొస్తే? క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండోలు నాలుగు తెరిచినా నాలుగింటికీ జేబు ఒకటే. అన్నీ మూసేదాకా అది ఖాళీ కాదు. క్రోమ్ ప్రొఫైల్స్, ఫైర్‌ఫాక్స్ కంటెయినర్లు నిజంగానే వేరు చేస్తాయి. కానీ బయటిదాకా క్యూ ఉన్నప్పుడు మనిషికొక ప్రొఫైల్ చేసి, గుర్తుపెట్టుకుని తీసేసే తీరిక ఎవరికుంది?

అందుకే నేననేది, నెట్ సెంటర్ల కోసం విడిగా ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ ఉండాలి. దాన్ని మనలాంటోళ్లే రాయాలి. ఎలక్ట్రాన్‌లో పార్టిషన్ అని ఒకటుంది. ఒక్కో వ్యూకు ఒక్కో పార్టిషన్ పేరిస్తే కుకీలు, లోకల్ స్టోరేజ్, క్యాష్ అన్నీ విడివిడిగా ఉంటాయి. పేరు ముందు 'పర్సిస్ట్' అని పెడితే డిస్క్‌లో దాచుకుంటుంది, పెట్టకపోతే మెమరీలోనే ఉంచుతుంది. మనకు కావాల్సింది రెండోది.

స్క్రీన్ మీద 'కొత్త కస్టమర్' అని ఒక బటన్. నొక్కితే కొత్త సెషన్, పైన పెద్దక్షరాల్లో ఆ మనిషి పేరు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. పని ముగిసినాక 'అయిపోయింది' నొక్కితే ముందు లాగౌట్ చేయమని గుర్తుచేయాలి. ఎందుకంటే కుకీ తుడిచేస్తే మన దగ్గరి టోకెన్ పోతుంది గానీ, సర్వర్ దగ్గర సెషన్ ఇంకా బతికే ఉండొచ్చు. ఆ తర్వాత సెషన్ తుడిచేయాలి, ఆ కస్టమర్ డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు కూడా తీసేయాలి. నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎప్పుడైనా తెరిచి చూసినారా? ఊళ్లో ఆధార్లు, మార్కుల మెమోలు సగం అక్కడే ఉంటాయి.

మా రూమ్మేట్ ఒక ప్రశ్న వేసినాడు: "ఇదే అప్లికేషన్ దళారీ చేతికి పోతే? 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన రోజు పది లాగిన్లు ఒకేసారి తెరుచుకుని కూర్చోడా?" న్యాయమైన భయమే. కానీ పది ప్రొఫైల్స్ పెట్టుకోవడం తెలిసినోడికి మన అప్లికేషన్‌తో పనిలేదు. మనం చేయగలిగింది ఒకటుంది: దానంతటదే ఫారం నింపడం, దానంతటదే క్లిక్ చేయడం లాంటివి అందులో పెట్టకుండా ఉండడం. అట్లాగే, పాస్‌వర్డ్‌లు నోట్‌బుక్‌లో రాసిపెట్టే అలవాటును ఏ పార్టిషనూ మాన్పించలేదు. అది మనం నోటితో చెప్పాల్సిందే.

ప్రతి ఏడాదీ మినీ ప్రాజెక్ట్ అంటే ఫేస్ రికగ్నిషన్ అటెండెన్సేనా? రివ్యూ అయిపోయినాక దాన్ని మనమే మళ్లీ తెరవం. ఇది అట్ల కాదు. ఎండాకాలం సెలవులు అయిపోయేలోపు ఒక నెట్ సెంటర్‌లోనైనా నడవగలదు.

మా నాయనకు కుకీ అంటే ఏమో, సెషన్ అంటే ఏమో ఈ రోజుకీ తెలియదు. కాగితం చూసుకోవాలని మాత్రం తెలుసు. నా సీటు నిలబడింది దాంతోనే. అక్కడికొచ్చే పిల్లోళ్లందరి వెనకా అట్లాంటి నాయన ఉండడు కదా! చేతులు కలిపేవాళ్లుంటే క్లబ్ గ్రూపులో చెప్పండి. మొదటి టెస్టింగ్ ఆ బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లోనే.